జ్ఞానప్రకాశం గారి హీబ్రూ కూడిక

జ్ఞానప్రకాశం గారితో ఎవరు ఏ మాట మాట్లాడినా, ఆయన ముందు దాన్ని మనసులో హీబ్రూలోకి తిప్పుకుంటారు. తర్వాత దాని అక్షరాలకి అంకెలు కట్టి కూడతారు. ఆ తర్వాతే జవాబిస్తారు. ఈలోగా అడిగినవాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు. పాలకొల్లులో ఈ సంగతి అందరికీ తెలుసు, అందరూ నవ్వుకుంటారు. నవ్వు రానిది ఒక్క బేబి టీచరుకే. ఎందుకంటే ఆవిడ ఆయనకి సొంత చెల్లెలు, ఆయనతో ఒకే ఇంట్లో ఉంటుంది, పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పి చెప్పి రిటైరయిన మనిషి.

"పాలు వచ్చాయా అన్నయ్యా?" అని వంటింట్లోంచి అడుగుతుంది.

"పాలు అంటే హాలావ్. హేత్ ఎనిమిది, లామెద్ ముప్పై, బేత్ రెండు. మొత్తం నలభై. ఇశ్రాయేలీయులు అరణ్యంలో తిరిగింది ఎన్నేళ్ళు? నలభై. తిరిగాక చేరింది ఎక్కడికి? పాలు తేనెలు ప్రవహించే దేశానికి."

"నేనడిగింది అరణ్యం సంగతి కాదు. పాలు వచ్చాయా, రాలేదా?"

"గేటుకి తగిలించి వెళ్ళినట్టున్నాడు, చూడు."

అప్పటికి ప్యాకెట్టు ఎండలో ఉడికి విరిగిపోయి ఉంటుంది. బేబి టీచరు ఆ రోజు కాఫీ ఇవ్వదు. ఆయనకి కాఫీ రాలేదన్న సంగతి మధ్యాహ్నానికి గానీ తెలియదు.

ఈ జబ్బు ఆయనకి చిన్నప్పుడే అంటుకుందని చెప్పాలి. తెలుగు బైబిల్లో నూట పందొమ్మిదో కీర్తన తెరిస్తే, ఎనిమిది వచనాలకొకసారి పైన ఆలెఫ్, బేత్, గీమెల్ అని ఏవో మాటలుంటాయి. అవేంటని సండే స్కూల్లో అడిగితే "తర్వాత చెబుతాలే, కూర్చో" అన్నారు. ఆ తర్వాత ఎవరూ చెప్పలేదు. ఆయన పెద్దవాడై, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరి, ఎవరైనా పేరు చెబితే నంబరు చెప్పడమే ఉద్యోగంగా బతికి, రిటైరై, భార్యని పోగొట్టుకుని, చెల్లెలి దగ్గరికి వచ్చాక ఒకరోజు ఫోన్లో వెతికితే తెలిసింది. అవి హీబ్రూ అక్షరాలు. ఆ భాషలో పూర్వం అంకెలకి వేరే గుర్తులు లేవు, అక్షరాలే అంకెలు. ఆలెఫ్ ఒకటి, బేత్ రెండు. అలా పది దాకా వెళ్ళి, తర్వాత పదులు, ఆ తర్వాత వందలు. కాబట్టి ప్రతి మాటకీ ఒక మొత్తం ఉంటుంది. ఒకే మొత్తం వచ్చిన రెండు మాటలకి దేవుడు లోపల్లోపల చుట్టరికం కలిపి పెట్టాడని జ్ఞానప్రకాశం గారి గట్టి నమ్మకం.

ఆ అక్షరాల పట్టిక పెద్ద అక్షరాల్లో రాయించి తెచ్చి, సరిగ్గా గ్యాస్ పొయ్యి పైన గోడకి తగిలించారు.

"ఇల్లంతా ఉండగా ఇక్కడే దొరికిందా చోటు?" అంది బేబి టీచరు.

"ఇక్కడ వెలుతురు బాగుందమ్మా."

తాళింపులు చిమ్మి చిమ్మి ఆ పట్టిక పసుపు రంగుకి తిరిగింది. రోజూ కళ్ళెదురుగా ఉండడం వల్ల, ఇష్టం లేకుండానే, ఇరవై రెండు అక్షరాల విలువలూ ఆవిడకి నోటికొచ్చేశాయి. ఆవిడ కోపానికి అదొక కారణం. లెక్కల్లో ఆవిడ ఒప్పుకునేది ఒక్కటే: ఆయన కూడిక ఎప్పుడూ తప్పదు. తప్పితే నాలుగు తిట్టి మనశ్శాంతి పొందేది. కూడిక సరిగ్గా ఉండి అర్థం ఎటో పోతుంటే ఏమని తిట్టాలి?

ఒకసారి ఆవిడ పేరే కూడారు. "బేత్ రెండు, యోద్ పది, మళ్ళీ బేత్, మళ్ళీ యోద్. ఇరవై నాలుగు. ప్రకటన గ్రంథంలో సింహాసనం చుట్టూ ఇరవై నలుగురు పెద్దలు కూర్చుని ఉంటారు. నీ స్థానం అక్కడమ్మా, పెద్దల్లో."

"ఎవరు పెద్దలు? నీకంటే ఎనిమిదేళ్ళు చిన్నదాన్ని," అని గరిటె విసిరికొట్టింది. గరిటె పట్టికకి తగిలి 'సాదె' అన్న అక్షరం దగ్గర చిన్న చిరుగు పడింది. ఆయన గరిటెని తీసి కడిగి ఇచ్చి, సాదెకి ఎంతో చెప్పబోతే ఆవిడ చెవులు మూసుకుంది.

ఇంకోసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు గారు రిపోర్టు చూసి "పరగడుపున సుగర్ నూట యాభై మూడు ఉందండి" అన్నారో లేదో, ఈయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"నూట యాభై మూడు. పేతురు వల లాగినప్పుడు పడ్డ చేపలు సరిగ్గా అన్నే డాక్టరు గారూ."

"మంచిదండి. రేపట్నుంచి ఈ మాత్ర వేసుకోండి."

"వేసుకుంటే ఆ సంఖ్య పోతుందేమోనండి."

డాక్టరు గారు బేబి టీచరు వైపు చూశారు. ఆవిడ పళ్ళ బిగువున "నేను వేయిస్తానండి" అంది. ఆ మాట అన్న తీరుకి పక్క గదిలో కాంపౌండరు కూడా తల తిప్పి చూశాడు.

చేపల సంగతి వచ్చింది కాబట్టి తలుపులమ్మ గురించి చెప్పాలి. తలుపులమ్మ నరసాపురం వైపు నుంచి చేపలు తెచ్చి బజార్లో అమ్ముతుంది. ఆవిడ భర్త లోవరాజు కిందటేడు వేటకెళ్ళి గాలివానలో చిక్కుకుని తిరిగి రాలేదు. మళ్ళీ తట్ట పట్టుకుని కూర్చున్న మొదటి రోజే జ్ఞానప్రకాశం గారు వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డారు.

"చేపని హీబ్రూలో దాగ్ అంటారమ్మా. దాలెత్ నాలుగు, గీమెల్ మూడు. ఏడు. పరిపూర్ణమైన సంఖ్య."

"ఆయ్. అంటే ఏడు చేపలు ఇమ్మంటారా అండి?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించి "ఇవ్వండి" అన్నారు.

ఇంట్లో ఉన్నది ఇద్దరు మనుషులు. ఆ రోజు కరెంటు లేదు, ఫ్రిజ్ లేదు. బేబి టీచరు ఏడు చేపలు తోమి, కోసి, వండి, వీధిలో అందరికీ పంచి, చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా వాసన పోక, ఆ రాత్రి అన్నయ్యని ఎన్ని మాటలందో ఆవిడకే లెక్క లేదు. ఆయన మాత్రం పులుసు బాగుందన్నారు.

అయితే అసలు గొడవ చర్చిలో జరిగింది. వాళ్ళది లూథరన్ సంఘం. బుధవారం సాయంత్రం బైబిలు స్టడీలో పాస్టరు అయ్యగారు ఏదెను తోటలో సర్పం గురించి చెబుతున్నారు. వెనక వరసలోంచి జ్ఞానప్రకాశం గారు లేచారు.

"అయ్యగారూ, ఒక్క మాటండి. సర్పం అంటే నాహాష్. నూన్ యాభై, హేత్ ఎనిమిది, షీన్ మూడు వందలు. మూడు వందల యాభై ఎనిమిది. మెస్సీయ అన్న మాటకీ సరిగ్గా అంతే. సర్పమూ క్రీస్తూ ఒకటే అంకెండి."

ఆయన చెప్పదలచుకున్నది వేరు. విషం ఎంత తూకం ఉందో మందు కూడా అంతే తూకం ఉంటుందని, పాము కరిచినవాళ్ళు చూసి బతకాలని మోషే ఇత్తడి సర్పాన్ని ఎత్తి చూపించింది అందుకేనని ఆయన భావం. కానీ రెండో వాక్యం చెప్పనిస్తేగా. సంఘ కార్యదర్శి సురేష్‌బాబు గారు లేచి, "క్రీస్తుని పాముతో పోల్చే మనిషి మన సంఘంలో ఉండడానికి వీల్లేదండి" అన్నారు. నలుగురూ నాలుగు రకాలుగా అరిచారు. చివరికి, జ్ఞానప్రకాశం గారు చర్చికి రావచ్చు, పాట పాడవచ్చు, నోరు విప్పి మాట్లాడకూడదు అని తీర్మానమైంది.

ఇంటికొచ్చేదాకా బేబి టీచరు అన్నయ్యని తిడుతూనే ఉంది. ఇంటికొచ్చాక సురేష్‌బాబు గారిని తిట్టడం మొదలుపెట్టింది. "నువ్వు ఆయన్నెందుకు తిడుతున్నావమ్మా?" అని ఈయన అడిగితే, "నిన్ను తిట్టడానికి నేనున్నాను. మధ్యలో ఆయనెవరు?" అంది.

ఆ సురేష్‌బాబు గారి కొడుకు జాషువా. అతను తలుపులమ్మ కూతురు లక్ష్మిని ఇష్టపడి రిజిస్టరు పెళ్ళి చేసుకున్నాడు. మొదట్లో సురేష్‌బాబు గారు ముఖం చూడనన్నారు. మనవరాలు పుట్టేసరికి మెత్తబడి ఆసుపత్రికి పరిగెత్తారు. అంతా సర్దుకుందనుకుంటున్నప్పుడు పేరు దగ్గర పేచీ వచ్చింది. పోయిన భర్త గుర్తుగా పిల్లకి లోవ అని పెట్టాలని తలుపులమ్మ. బైబిలు వాక్యంలో లేని పేరు తన ఇంట్లో వినిపించకూడదని, పోయిన తన తల్లి లేయమ్మ పేరు పెట్టాలని సురేష్‌బాబు గారు. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. లక్ష్మి పిల్లనెత్తుకుని తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది. జాషువా మోటారు సైకిలు మీద ఇటూ అటూ తిరుగుతూ రెండు ఇళ్ళలోనూ తిట్లు తింటున్నాడు.

ఒక సాయంత్రం లక్ష్మి పిల్లతో బేబి టీచరు దగ్గరికి వచ్చింది. స్కూల్లో ఆవిడ దగ్గరే చదువుకుంది.

"పిల్లకి మూడో నెల దాటిపోయిందండి టీచరు గారూ. టీకాల కార్డు మీద బేబీ అనే ఉంది. ఆసుపత్రిలోనూ, వీధిలోనూ అందరూ బేబీ అనే పిలుస్తున్నారు. ఇంకొన్నాళ్ళు పోతే అదే పేరైపోద్దేమోనండి."

అని, ఎవరితో అంటున్నానో అప్పుడు గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

బేబి టీచరు పుట్టినప్పుడు కూడా ఇంతే. నానమ్మ మార్తమ్మ అనాలంది, మేనమామ సుశీల అనాలన్నాడు. ఒకరి మాట ఒకరు నెగ్గనివ్వలేదు. ఈలోగా ముద్దుగా పిలిచిన పేరే బాప్తిస్మంలోనూ, బళ్ళోనూ, ఉద్యోగంలోనూ నిలిచిపోయింది. ఇప్పటికీ బ్యాంకులో "బేబి ఎవరండి, బేబి?" అని కేకేస్తే జనమంతా ఏ చంటిపిల్లో ఉందనుకుని కిందికి చూస్తారు. నెరిసిన జుట్టుతో ఆవిడ లేచి నిలబడుతుంది. ఆ నవ్వులు ఆవిడ ఎన్నడూ మరిచిపోలేదు, ఎవరినీ క్షమించలేదు.

లక్ష్మి వెళ్ళిపోయాక అరికాలి మంట నెత్తికెక్కింది. "పెద్దవాళ్ళట, పెద్దవాళ్ళు. పిల్లకి అన్నం పెట్టమంటే ముందుకు రారు గానీ పేరు పెట్టడానికి అందరూ తయారే," అని గిన్నెలన్నీ ఒక్కొక్కటే బోర్లించింది. వరండాలో జ్ఞానప్రకాశం గారు కళ్ళు మూసుకుని ఏదో కూడుకుంటున్నారు. ఈయనకి ఇదేమైనా పట్టిందా అనుకుని ఆవిడకి ఇంకా మండింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ పాస్టరు అయ్యగారిని వెంటబెట్టుకుని సురేష్‌బాబు గారింటికి బయల్దేరింది. వెనక్కి తిరిగి చూస్తే అన్నయ్య వస్తున్నారు. చంకలో, చుట్టచుట్టిన పట్టిక.

"నువ్వెందుకు?"

"ఊరికేనమ్మా."

"అది ఎందుకు తెచ్చావు?"

"గోడకి మేకు ఊడిపోయింది."

దారిలో తిట్టడం బాగోదని ఊరుకుంది.

సురేష్‌బాబు గారు మర్యాదగానే కూర్చోబెట్టారు. టీ తెప్పించారు. విషయం ఎత్తగానే బిగుసుకుపోయారు. "మీరంటే నాకు చాలా గౌరవమండి టీచరు గారూ. కానీ వాక్యంలో లేని పేరు నా మనవరాలికి పెట్టనండి."

"మీ పేరు సురేష్‌బాబు కదండీ," అంది బేబి టీచరు. "అది వాక్యంలో ఏ అధ్యాయంలో ఉందో కాస్త చెబుతారా?"

ఆయన ముఖం జేవురించింది. అయ్యగారు టీ కప్పు కింద పెట్టేశారు. ఇక లేచి రావడమే మిగిలింది అనుకుంటుండగా, జ్ఞానప్రకాశం గారు పట్టిక విప్పి టీపాయ్ మీద పరిచారు. గదిలోకి పాత తాళింపు వాసన వచ్చింది.

"తండ్రి అంటే ఆవ్. ఆలెఫ్ ఒకటి, బేత్ రెండు. మూడు. తల్లి అంటే ఏమ్. ఆలెఫ్ ఒకటి, మేమ్ నలభై. నలభై ఒకటి. బిడ్డ అంటే యెలెద్. యోద్ పది, లామెద్ ముప్పై, దాలెత్ నాలుగు. నలభై నాలుగు. తండ్రీ తల్లీ కలిపితే బిడ్డ. సరిపోయింది. ఇందులో తాతకి అంకె లేదు సురేష్‌బాబు గారూ."

"టీచరు గారూ, మీ అన్నయ్య గారిని తీసుకెళ్ళండి," అన్నారు సురేష్‌బాబు గారు.

"వెళ్తామండి. మీ అమ్మగారు లేయమ్మ గారు కదూ?"

"అవునండి." ఆ పేరు వినగానే ఆయన గొంతు కొంచెం దిగింది.

"లేయా. లామెద్ ముప్పై, ఆలెఫ్ ఒకటి, చివర్న ఆ అన్నాం కాబట్టి హే, ఐదు. ముప్పై ఆరు. ఇప్పుడు లోవ చూడండి. లామెద్ ముప్పై. వావ్ ఆరు. ముప్పై ఆరు." జ్ఞానప్రకాశం గారు వేలు పట్టిక మీదే ఉంచి తలెత్తారు. "రెండూ ఒకటేనండి. మీ అమ్మగారే తలుపులమ్మ వైపు నుంచి మళ్ళీ వచ్చారు."

సురేష్‌బాబు గారు చాలాసేపు ఆ జిడ్డు కాగితం వంక చూశారు. తర్వాత అన్నారు, "ఈయన మాట నేను నమ్మనండి. టీచరు గారూ, మీరు చూసి చెప్పండి. మా జాషువాకి అర మార్కులో ఫస్ట్ క్లాసు పోతున్నా మీరు వెయ్యలేదు. మీరు సరే అంటే సరే."

బేబి టీచరుకి చూడాల్సిన అవసరం లేదు. ఆయన చెబుతున్నప్పుడే తెలిసిపోయింది. లేయా చివర్న ఆ అంటే హే పెట్టి ఐదు వేసిన మనిషి, లోవ చివర్న అ దగ్గర నోరు మూసుకున్నాడు. పద్ధతి ప్రకారం అక్కడా హే రావాలి. నలభై ఒకటి కావాలి. ఐదు ఎగిరిపోయింది.

ఆవిడ అన్నయ్య వైపు చూసింది. ఆయన ఎటో చూస్తున్నారు. అయ్యగారి వైపు చూసింది. సెమినరీలో హీబ్రూ చదువుకున్న అయ్యగారు తలెత్తి ఫ్యానుని శ్రద్ధగా పరిశీలిస్తున్నారు. సురేష్‌బాబు గారి వైపు చూసింది. ఆయన వెనక షెల్ఫులో, ప్లాస్టిక్ కవరు కూడా విప్పని చిన్న గులాబీ రంగు గౌను ఉంది. ఆయన ఆవిడ నోటి వంకే చూస్తున్నారు. అరవై ఏళ్ళ మనిషి, ఎవరైనా తనని ఓడిస్తే బాగుండునన్నట్టు కూర్చున్నారు.

బేబి టీచరుకి ఎన్నడూ రానంత కోపం వచ్చింది. అన్నయ్య మీద, అయ్యగారి మీద, ఆ గౌను మీద, హీబ్రూ మొత్తం మీద.

"సరిపోయిందండి," అంది.

సురేష్‌బాబు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే మా అమ్మేనన్నమాట," అన్నారు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "వచ్చే ఆదివారం పెట్టుకుందామా అయ్యగారూ?" అన్నారు.

ఆ వారమంతా బేబి టీచరు అన్నయ్యతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, మాత్ర కంచం పక్కన పెట్టేది, వెళ్ళిపోయేది. ఆయన మేకు కొట్టి పట్టికని మళ్ళీ తగిలించారు. ఆవిడ పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడల్లా 'హే' అన్న అక్షరం వంక గుర్రుగా చూసేది.

ఆదివారం పిల్లకి గులాబీ గౌను తొడిగి తీసుకొచ్చారు. తలుపులమ్మ చర్చి గుమ్మం దగ్గరే ఆగిపోతే సురేష్‌బాబు గారు తనే వెళ్ళి "లోపలికి రండి, ముందుకి రండి" అని తీసుకొచ్చి తన వరసలో కూర్చోబెట్టారు. అయ్యగారు నీళ్ళు చల్లి "లోవ" అన్నారు. పిల్ల కెవ్వున ఏడ్చింది. "మా అమ్మ గొంతే," అన్నారు సురేష్‌బాబు గారు. "మా ఆయనదండి," అంది తలుపులమ్మ. ఇద్దరూ మళ్ళీ వాదించుకోబోయి నవ్వేశారు.

ఇంటికి కాలవ గట్టు మీద నడిచి వస్తుంటే బేబి టీచరు ఆగింది.

"ఐదు ఏమైంది?"

"ఏ ఐదు?"

"లేయాకి హే పెట్టావు, లోవకి పెట్టలేదు. పెడితే నలభై ఒకటి. నాకు తెలీదనుకున్నావా?"

"తెలుసు కాబట్టే నీ వంక చూళ్ళేదమ్మా." అంటూనే ఆయన ఆగిపోయారు. "నలభై ఒకటా? అయితే అమ్మ అన్న మాటకీ అదే కదా. ఎటు కూడినా పిల్లకి బాగానే—"

"మాట మార్చకు. ఇన్నేళ్ళు పాలకీ చేపలకీ అంకెలు కట్టి నా ప్రాణం తీశావు. ఒక్కనాడూ కూడిక తప్పలేదు. ఇప్పుడు దేవుడి మాట దగ్గర దొంగలెక్క వేస్తావా? నా చేత సంతకం పెట్టిస్తావా?"

జ్ఞానప్రకాశం గారు మళ్ళీ నడవడం మొదలుపెట్టారు.

"నువ్వు పుట్టినప్పుడు నాకు ఎనిమిదేళ్ళమ్మా. నానమ్మ ఒక పక్క, మావయ్య ఒక పక్క. ఉయ్యాల్లో నువ్వు. రెండు పేర్లూ ఒకటేనండీ అని చెప్పేవాడు ఒక్కడుంటే ఆ గొడవ తీరిపోయేది. నేను పక్కనే నిలబడ్డాను. నాకు అప్పుడు హీబ్రూ రాదు."

బేబి టీచరు నోట్లో తయారుగా ఉన్న తిట్టు అక్కడే ఉండిపోయింది. ఎంత వెతికినా దాన్ని ఎవరి మీద వెయ్యాలో తెలియలేదు. చెంగుతో ముఖం తుడుచుకుని, ఎండ ఎక్కువగా ఉందని తిట్టింది.

"మరి నువ్వెందుకమ్మా సరిపోయిందన్నావు?" అన్నారు ఆయన వెనక నుంచి.

"ఐదు గ్రేస్ మార్కులు వేశాను. పిల్లకి. నీకు కాదు."

"గ్రేస్ అంటే కృప. కృపని హీబ్రూలో హేన్ అంటారు. హేత్ ఎనిమిది, నూన్ యాభై..."

"నోర్మూసుకుని నడు అన్నయ్యా," అని ఆవిడ గబగబా ముందుకి నడిచింది, తను నవ్వుతున్న సంగతి ఆయన కంట పడకుండా.